కంప కట్టిన ఇళ్ళు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, కార్తీకం వెళ్ళి చలి ముదురుతున్న రోజుల్లో నాకు ఆదోని వేశారు. పట్టణాల శివారు కాలనీలను సర్వే చేసి ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థలో అప్పటికి నేను సీనియర్ సర్వే అధికారిని. నా కింద ఒక ఇన్వెస్టిగేటరు, నా పైన హైదరాబాదులో ప్రాజెక్టు డైరెక్టరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, ఊరు దాటిన కొంత దూరానికి కంకరమిట్ట అనే కాలనీ ఉంది. దాని ప్రొఫైల్ తయారు చెయ్యడం నాకు అప్పగించిన పని.

ప్రొఫైల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒక వాడలో ఎన్ని ఇళ్ళున్నాయి, ఎవరుంటున్నారు, ఏ పని చేసి బతుకుతున్నారు, నీళ్ళెక్కడ పట్టుకుంటారు, పిల్లలు ఏ బడికి పోతారు, మనిషి పోతే ఎటు తీసుకెళతారు, ఇవన్నీ గడప గడపకూ తిరిగి కనుక్కుని, మ్యాపు గీసి, యాభై పేజీలకు మించకుండా రాసే నివేదిక అది. దాన్ని చదివే అధికారి ఆ వాడ ముఖం ఎన్నడూ చూడడు. నివేదిక చూసి కుళాయి వేయిస్తాడు, లేదా వేయించడు. అందుకే ఈ వృత్తిలో చేరిన మొదటి వారంలోనే మాకొక పాఠం చెబుతారు. విన్నది రాయకు, చూసింది రాయి. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది.

ఆదోనికి నన్నే పంపడానికి కారణం ఒక సముద్రపు ఒడ్డు కాలనీ. అంతకు మూడేళ్ళ ముందు కోస్తాలో ఒక పట్టణం శివారున మత్స్యకారుల టౌన్‌షిప్ ప్రొఫైల్ రాశాను. నేనూ గోదావరి వైపు వాణ్ణే కాబట్టి ఆ మనుషుల మాట, వాసన, కోపం నాకు కొత్త కావు. తుఫానులో గుడిసెలు పోయినవాళ్ళకు సరుగుడు తోటల అవతల వరసగా డాబాలు కట్టి ఇచ్చారు. ఇంటి ముందు వలలు, ఇంటి మీద ఎండుచేపలు, వీధి చివర వేలంపాట. ఆ వాడ గురించి రాసిన పేజీలు ఇప్పటికీ నాకు ఇష్టమే. మగవాళ్ళు బోట్ల మీద వెళితే పది పన్నెండు రోజుల దాకా రారు. ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలెత్తుకుని బజారుకు పోతారు. ఏ వేళప్పుడు వెళ్ళినా సగం ఇళ్ళు మూసే ఉంటాయి. పైగా కొందరు ఆ ఇళ్ళు చాటుగా అమ్ముకుని వెళ్ళిపోయారు. వాళ్ళ సంగతి అడిగితే పక్కింటివాళ్ళు ముఖం కూడా తిప్పకుండా, ఇప్పుడే వెళ్ళారు బాబూ, సందేళకి వచ్చేత్తారు అనేవాళ్ళు.

దానికి విరుగుడుగా నేనొక నిబంధన తయారు చేశాను. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి. ప్రతిసారికీ పది రోజుల ఎడం ఉండాలి. ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం. మూడుసార్లలోనూ మనిషి కనబడకపోతే ఆ ఇల్లు 'ఖాళీ'. పక్కింటివాళ్ళ మాట లెక్కలోకి రాదు. తలుపుకు తుప్పు పట్టని తాళం గనక ఉంటే మాత్రం 'తాళం, నివాసం ఉన్నట్టే' అని రాయాలి, ఎందుకంటే ఆ ఒడ్డున ఉప్పుగాలికి తాళం తుప్పు పట్టకుండా ఉందంటే దాన్ని ఎవరో తరచుగా తీస్తున్నారని అర్థం. ఈ నిబంధన అక్కడ అచ్చంగా సరిపోయింది. డైరెక్టరు మెచ్చుకుని ఆ నివేదికకు అట్ట కట్టించి, ఇకపై అన్ని శివారు కాలనీలకూ ఇదే నమూనా అన్నారు. నేను ఆదోని బస్సు దిగినప్పుడు ఆ అట్ట కట్టిన నివేదిక నా సంచీలో ఉంది. లాడ్జిలో బల్ల మీద దాన్ని అందరికీ కనిపించేలా పెట్టుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

నా ఇన్వెస్టిగేటరు రంగన్న ఎమ్మిగనూరు మనిషి. నేత కుటుంబం. నలభై దాటాయి, మగ్గం వదిలి ఈ పనిలోకి వచ్చి నాలుగేళ్ళయింది. ఫారం చక్కగా నింపేవాడు. మాట తక్కువ. నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగి ఏదో ఒకటి చూపించి మళ్ళీ నడిచేవాడు. మొదట్లో అది నాకు కాలయాపనలా అనిపించేది.

కంకరమిట్ట పేరుకు తగ్గట్టే ఉంటుంది. గట్టి నేల, ఎర్ర కంకర, నీడ కోసం వెతుక్కోవాలి. చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ నుంచి కూలి కోసం ఆదోని వచ్చినవాళ్ళకు ఒక్కో గదీ, వంట వసారా ఉన్న ఇళ్ళు ఇచ్చారు. హిందువులూ క్రైస్తవులూ కలిసే ఉంటారు. కొన్ని తలుపుల మీద పసుపు బొట్లు, కొన్నింటి మీద సున్నంతో వేసిన శిలువ. పత్తి కాలంలో ఆడవాళ్ళు చేలల్లో పత్తి తీస్తారు, మగవాళ్ళు ఊళ్ళో పత్తి బేళ్ళు మోస్తారు. ఇంటి పట్టా ఇంకా ఎవరికీ రాలేదు. కేటాయింపు చీటీ మాత్రమే ఉంది. ఉంటున్నవాళ్ళకు పట్టా ఇవ్వాలా వద్దా అన్నది మా నివేదిక చూసి తేలుస్తారు. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలుసు.

మొదటిసారి పొద్దున్నే వెళ్ళాం. సగానికి పైగా ఇళ్ళలో మనుషులు లేరు. తాళాలు కూడా లేవు. తలుపు దగ్గరికి లాగి, గడపకు అడ్డంగా ఒక ముళ్ళకంప పెట్టి, దాన్ని తలుపు గొళ్ళానికి రంగు దారంతో కట్టి ఉంచారు. ఒక ఇంటికి పచ్చదారం, పక్క ఇంటికి నీలం, ఇంకో ఇంటికి ఎరుపు. రంగన్న ఒక దారం వేలితో పట్టి చూసి, ఇది మా వీధి మగ్గాల మీద తెగిపోయిన నూలు సార్ అన్నాడు. నేను మ్యాపులో ఇంటి నంబరు వేసుకుంటూ తల ఊపాను.

వీధి మొదట్లో ఈరమ్మ అనే ముసలావిడ ఉండేది. వాళ్ళందరూ ఎక్కడికి పోయారని అడిగాను.

"సుగ్గికి పోయినారు సారు. గుంటూరు దిక్కు, మిరపకాయలు కోయను. ఉగాదికి వస్తారు" అంది.

సుగ్గి అంటే ఆ ప్రాంతంలో పంట కోతల కాలం. ఇక్కడ పత్తి తీత అయిపోగానే భార్యాభర్తలూ పిల్లలూ కట్టకట్టుకుని మూడు నాలుగు నెలలకు కోతల కూలికి పోతారు. తాళాలు వెయ్యకుండా ఈ కంపలేమిటని అడిగాను. ఆమె నా అమాయకత్వానికి నవ్వింది.

"తాళమేస్తే లోపల ఏమో ఉండాదని దొంగకు సెప్పినట్ల సారు. కంప కడితే మేక గూడ రాదు. కట్టినోళ్ళే వచ్చి ఇప్పల్ల. నేను గూడ ముట్టను."

ఎవరి దారం ఏ రంగో ఆమెకు నోటికి వచ్చు. ప్రతి శుక్రవారం కంప కట్టిన వాకిళ్ళన్నీ ఊడ్చి నీళ్ళు చల్లేది. శిలువ ఉన్న ఇళ్ళకు అదే పని శనివారం సాయంత్రం చేసేది, మర్నాడు వాళ్ళకు ఆరాధన అని. వాళ్ళందరి కోళ్ళూ ఆమె దగ్గరే ఉండేవి. ఆమె పగలంతా వాటికి గింజలు వేసేది. పొద్దు వాలగానే ఆ కోళ్ళు విడిపోయి ఎవరింటి ముందుకు అవి పోయి, కంప పక్కన ఒదిగి కూర్చునేవి. మూడోసారి సాయంత్రం వెళ్ళినప్పుడు ఇది నా కళ్ళతో చూశాను. చూసింది రాయి అని నేర్చినవాణ్ణి, అది మాత్రం రాయలేదు. ఫారంలో కోళ్ళకు గడి లేదు.

రెండోసారికీ మూడోసారికీ మధ్య రంగన్న నాతో ఒక మాట అన్నాడు. లాడ్జి కింద టీ తాగుతున్నాం.

"సార్, ఈడ కంప ఉందంటే మనుషులున్నట్ల లెక్క. కంప లేకుంటేనే ఖాళీ. మన ఫారం తిరగబడింది."

ఉగాది దాకా ఆగి మూడోసారి వెళదామని కూడా అన్నాడు. నాకు చిర్రెత్తింది. జనవరి నెలాఖరుకు నివేదిక అందాలి. పైగా ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా లెక్కిస్తే రెండు ఊళ్ళను పోల్చేదెట్లా అని అడిగాను. పక్కింటివాళ్ళ మాట ఎందుకు తీసుకోకూడదో సముద్రపు ఒడ్డు కథంతా మళ్ళీ చెప్పాను. అతను ఓపిగ్గా విని, గ్లాసు కింద పెట్టి, సరే సార్ అన్నాడు. అతని జిల్లా గురించి అతనికే పాఠం చెప్పానన్న సంగతి నాకు ఆ రోజు తోచలేదు.

నివేదిక వేళకు అందించాను. అనుబంధం మూడులో ఖాళీ ఇళ్ళ జాబితా. కంప కట్టిన ప్రతి ఇల్లూ అందులో ఉంది. ఆ కాలనీలో పెద్ద పెద్ద ఇత్తడి తాళాలున్న ఇళ్ళు కొన్ని ఉన్నాయి. అవి ఊళ్ళో సొంత మేడలున్నవాళ్ళు పేరు మార్చి సంపాదించుకుని వదిలేసినవి. ఒక్కరోజు కూడా వాటిలో ఎవరూ పడుకోలేదు. మెట్ట గాలికి ఆ తాళాలకు తుప్పు పట్టలేదు, నా నిబంధన ప్రకారం వాటిని 'నివాసం ఉన్నట్టే' అని రాశాను. ఆ ఇళ్ళు ఎవరివో నాకు చాలా తర్వాత తెలిసింది. నివేదిక బాగా వచ్చిందని డైరెక్టరు ఫోన్ చేసి చెప్పారు.

ఫిబ్రవరిలో కంప కట్టిన ఇళ్ళ తలుపులకు నోటీసులు అంటించారు. పదిహేను రోజుల్లో వచ్చి సంజాయిషీ చెప్పకపోతే కేటాయింపు రద్దు. ఈరమ్మకు చదువు రాదు. గవర్నమెంటు కాగితాలు, మేకలు తింటాయేమోనని భయపడి, ఒక్కొక్కదాన్నీ చిరగకుండా నీళ్ళతో తడిపి ఊడదీసి, ఆరబెట్టి, ఎవరి కాగితానికి వాళ్ళ రంగు దారం చుట్టి, తన ట్రంకు పెట్టెలో భద్రంగా దాచింది. వాళ్ళు రాగానే చేతికి ఇవ్వాలని. పదిహేను రోజులు ట్రంకు పెట్టెలోనే గడిచిపోయాయి.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు రంగన్న ఫోన్ చేశాడు. అప్పుడు నేను కర్నూలులో ఉన్నాను. ఏమీ వివరించలేదు. ఒకసారి వచ్చిపోండి సార్, మధ్యాహ్నం బండికి వచ్చినా సరే అన్నాడు.

వెళ్ళేసరికి వీధంతా మూటలతో ఉంది. దేవదాసు అనే బేళ్ళ కూలి తన ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. అతని భార్య సుగుణమ్మ ఈరమ్మ వసారాలో మూటలకు ఆనుకుని కూర్చుంది. మిరప ఘాటుకు ఆమె వేళ్ళు ఇంకా ఎర్రగా పొంగి ఉన్నాయి. వాళ్ళ ఇంట్లో వేరే కుటుంబం ఉంది. కోసిగి వైపు నుంచి వచ్చిన కూలీలే వాళ్ళూ. చేతిలో కొత్త చీటీ ఉంది, ఒళ్ళో పాలు తాగే బిడ్డ ఉంది. ఆ తల్లి తలుపు పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఎర్రదారం తెగి, కంప గోడ పక్కన పడి ఉంది. ఇంటి ముందు బండల అరుగు దేవదాసు సొంతంగా వేసుకున్నది. మూడు సుగ్గుల కష్టం అని రంగన్న నాకు చెవిలో చెప్పాడు.

దేవదాసు అరుస్తాడనుకున్నాను. అరిస్తే నాకు సులువుగా ఉండేది. అతను నెమ్మదిగా అడిగాడు.

"సారు, మీరు వచ్చినప్పుడు మా వాకిట్లో కంప ఉండెనా?"

ఉందన్నాను.

"ఎర్రదారం ఉండెనా?"

ఉందన్నాను.

"మల్ల ఎవురూ లేరని యెట్ల రాస్తిరి?"

  పక్కన ఈరమ్మ ట్రంకు పెట్టెలోంచి ఎర్రదారం చుట్టిన నోటీసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అది చూసి నేను తల దించుకున్నాను.

దేవదాసు నన్ను కోరింది ఒక్కటే. కంప ఉందని, దాన్ని నేను చూశానని, రాసి సంతకం పెట్టమన్నాడు. అది న్యాయమైన కోరిక. మా పద్ధతిలో అందుకు దారి కూడా ఉంది. ఇచ్చేసిన నివేదికలో తప్పు దొర్లితే సవరణ పత్రం పంపుతాం. అందులో కారణం చెప్పడానికి రెండు గడులుంటాయి. మొదటిది 'నమోదులో పొరపాటు'. రెండోది 'క్షేత్ర పరిస్థితిలో మార్పు'. మొదటి గడిలో టిక్కు పెడితే ఆ అనుబంధం మొత్తం చెల్లదు. దాని మీద తీసుకున్న చర్యలన్నీ వెనక్కి వెళతాయి. కాలనీ మళ్ళీ సర్వే చెయ్యాలి. ఎందుకు పొరపాటు జరిగిందో పై ఆఫీసు విచారిస్తుంది. విచారిస్తే మూడుసార్ల నిబంధన బయటికి వస్తుంది, దాని వెనక అట్ట కట్టిన నివేదిక వస్తుంది. రెండో గడిలో టిక్కు పెడితే, అప్పుడు లేనివాళ్ళు ఇప్పుడు వచ్చారని మాత్రమే అర్థం. ఎవరి తప్పూ లేదు.

నేను రెండో గడిలో టిక్కు పెట్టాను.

ఏ గడిలో పెట్టినా మనుషులు ఉన్నారన్న సంగతి పై ఆఫీసుకు చేరుతుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కింద ఒక పేరా రాశాను. వలస కూలీల రాకపోకల దృష్ట్యా నివాస స్థితిలో మార్పు గమనించడమైనది అని. ఎంత నున్నని వాక్యమో. కంప అన్న మాట అందులో లేదు. కవరు అంటించేముందు రంగన్న చూశాడు.

"రెండో గడిలో పెట్టినారు సార్" అన్నాడు.

రెండూ ఒకచోటికే పోతాయిలే అన్నాను.  అతను కవరు తీసుకెళ్ళి పోస్టు చేసి వచ్చాడు.

రెండూ ఒకచోటికి పోలేదు. మార్పు అని రాసినందువల్ల మార్పు జరిగిన తేదీ నుంచే దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. అప్పటికి ఇంకా ఎవరికీ ఇవ్వని ఇళ్ళు పాతవాళ్ళకే మిగిలాయి. ఇచ్చేసినవి ఇచ్చేసినట్టే. దేవదాసు ఇల్లు ఇచ్చేసినవాటిలో ఉంది. ఇత్తడి తాళాల ఇళ్ళకు మాత్రం ఆ సంవత్సరమే పట్టాలు వచ్చాయి.

మరుసటి ఏడాది మంత్రాలయం వెళుతూ ఆదోనిలో బస్సు మారాల్సి వచ్చింది. ఆగి కంకరమిట్టకు వెళ్ళాను. సుగ్గి కాలమే. కంపలు కట్టి ఉన్నాయి. దేవదాసు కుటుంబం సి.బెళగల్ దగ్గర సుగుణమ్మ పుట్టింటివాళ్ళ దొడ్లో రేకుల కొట్టం వేసుకుని ఉంటున్నదని ఈరమ్మ చెప్పింది. కోళ్ళను తీసుకుపోలేదట, బస్సులో ఎక్కించుకోలేదని. ఆ ఇంట్లోకి వచ్చిన కోసిగివాళ్ళూ సుగ్గికి పోయారు. వాళ్ళ గడపకు కట్టిన కంపకు తెల్లదారం ఉంది. ఎర్రదారం ఎవరూ కట్టుకోలేదా అని అడిగాను.

"అది దేవదాసుది గదా సారు" అంది ఆమె.

పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. రెండు కోళ్ళు ఆమె వాకిట్లోంచి లేచి, వీధిలో పడి, దేవదాసు వేసిన బండల అరుగెక్కి కంప పక్కన ఒదిగాయి.

"ఇంగా ఆడికే పోతాయి. మనిషికైతే సెప్పొచ్చు, కోడికి యెట్ల సెప్తాము" అంది.

ఆమె నన్నేమీ దెప్పలేదు. కాఫీ ఇచ్చి, బస్సుకు పొద్దుపోతుందని గుర్తు చేసింది.

ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా రాసిన ఏ ఫారంలోనూ 'ఖాళీ' అన్న గడి పెట్టలేదు. దాని బదులు రెండు గడులు పెట్టాను. ఈ ఇంటిని ఎవరు మూసి వెళ్ళారు, ఎలా మూసి వెళ్ళారు. ఏ ఊళ్ళోనైనా మొదటి మూడు రోజులు ఫారం బయటికి తియ్యకుండా, అక్కడి మనిషిని వెంటబెట్టుకుని ఊరికే నడిచేవాణ్ణి. సముద్రపు ఒడ్డున తయారైన కొలత మెట్ట నేల మీద పనికిరాదని తెలుసుకోవడానికి ఆ పాటి నడక చాలు. అది తెలియక చేసిన తప్పు. దాన్ని నేను క్షమించుకోగలను.

తెలిసి చేసింది వేరే ఉంది. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు నా దగ్గరికి వస్తే సవరణ పత్రం ఎలా నింపాలో చెబుతాను. తప్పు మీదైతే మొదటి గడిలో టిక్కు పెట్టండి, వాక్యం నున్నగా వస్తోందంటే పెన్ను ఆపండి అంటాను. కంకరమిట్ట సవరణ పత్రం ఇప్పటికీ ఆఫీసు ఫైల్లో ఉండే ఉంటుంది. రెండో గడిలో టిక్కు, కింద నా సంతకం.